ఐదు రూపాయల ప్యాకెట్ ఐదు రూపాయల దగ్గరే ఎందుకు ఆగుతుంది?

సంక్షిప్తంగా: జీఎస్టీ తగ్గినా చిన్న ప్యాకెట్ల ధరలు పెద్దగా కదలకపోవడం చాలామందికి అంతుబట్టలేదు. చిన్న ప్యాకెట్ ధరను తయారీ ఖర్చు కన్నా ముందు జేబులోని నాణెం నిర్ణయిస్తుంది. ప్యాకెట్ బరువు, కొట్టువాడి లాభం, ప్రకటన అన్నీ ఆ నాణేనికి తగ్గట్టు కుదురుతాయి. ఈ కుదింపు ఎవరు మొదలుపెట్టారు, కొందరికి ఎందుకు కలిసొచ్చింది, నానో కారు దగ్గర ఎందుకు బెడిసికొట్టింది అన్నదే ఈ వ్యాసం.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద అప్పటిదాకా ఉన్న 18 శాతం పన్ను 5 శాతానికి దిగింది. లెక్క ప్రకారం ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ 4 రూపాయల 45 పైసలకు రావాలి. రెండు రూపాయల షాంపూ ప్యాకెట్ రూపాయి 78 పైసలు, రూపాయి ప్యాకెట్ 89 పైసలు కావాలి.

కాగితం మీద బాగానే ఉంది. కిరాణా కొట్లో ఆ 45 పైసలు ఎవరిస్తారు, మిగిలిన 55 పైసలు ఎవరు తిరిగిస్తారు? 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తోనే చెల్లుబాటు కోల్పోయాయి. అర్ధ రూపాయి చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది గానీ గల్లాపెట్టెలో కనిపించదు. రూపాయి, రెండు రూపాయల చిల్లరకే చాక్లెట్ చేతిలో పెట్టే అలవాటున్న చోట 55 పైసల ప్రస్తావన తెచ్చేవాళ్లు ఉండరు. రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు వివరణ ఇచ్చినా తెలుగు రాష్ట్రాల్లో పది రూపాయల నాణేన్నే తీసుకోని కొట్లు ఉన్నాయి. పైసల సంగతి చెప్పాలా?

పన్ను తగ్గినా ధర తగ్గలేదంటే కంపెనీలే మింగేశాయన్న అనుమానం సహజం. కొన్నిచోట్ల అది నిజం కూడా కావచ్చు. అయితే చిన్న ప్యాకెట్‌ని పుట్టించిన పద్ధతే ధరను కదలనివ్వదు. అది అర్థమైతే ఒక వస్తువు జనంలోకి ఎలా వెళుతుందన్న పెద్ద ప్రశ్నకూ సగం జవాబు దొరుకుతుంది.

లెక్క వెనక నుంచి మొదలవుతుంది

మామూలుగా వస్తువు ధర కింది నుంచి పైకి పేరుస్తారు. ముడిసరుకు, కూలి, రవాణా, లాభం, పన్ను కలిపితే ధర. చిన్న ప్యాకెట్ విషయంలో ముందుగా నాణెం ఖాయమవుతుంది: రూపాయి, రెండు, ఐదు, పది. అందులోంచి పన్ను తీసేస్తారు, కొట్టువాడి వాటా తీసేస్తారు, డిస్ట్రిబ్యూటర్ వాటా, లారీ ఖర్చు, ప్రకటనల ఖర్చు, కంపెనీ లాభం తీసేస్తారు. చివరికి మిగిలినదాంట్లో ఎన్ని గ్రాములు పడితే అన్ని గ్రాములు.

ఐదు రూపాయల ప్యాకెట్‌నే తీసుకుందాం. 18 శాతం పన్ను ఉన్నప్పుడు ఆ ఐదు రూపాయల్లో పన్ను 76 పైసలు, మిగిలేది 4 రూపాయల 24 పైసలు. 5 శాతం పన్నుకు వచ్చేసరికి ప్రభుత్వానికి వెళ్లేది 24 పైసలు, మిగిలేది 4 రూపాయల 76 పైసలు. తేడా 52 పైసలు. ఈ 52 పైసలకు మూడే దారులు. ధర తగ్గాలి, లేదా ప్యాకెట్‌లో సరుకు పెరగాలి, లేదా మధ్యలో ఎవరో ఉంచేసుకోవాలి. ధర అలాగే ఉండి పన్ను తగ్గింపు మొత్తం కొనేవాళ్లకు చేరాలంటే ప్యాకెట్ బరువు సుమారు 12 శాతం పెరగాలి. పాత కవరు ఇంట్లో దాచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కొత్తదాని పక్కన పెట్టి చూడొచ్చు. అలా దాచుకునేవాళ్లు ఉండరనే సంగతి కంపెనీలకూ తెలుసు.

బరువు పెంచడం ధర తగ్గించడంతో సమానమేనా? 2017 నవంబరులో షాంపూల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు కూడా ఇదే పేచీ వచ్చింది, కోర్టుల దాకా వెళ్లింది. చట్టం ఏం చెప్పినా, రూపాయి ప్యాకెట్ మీద 89 పైసలని ముద్రిస్తే కొనేవాడి జేబులోంచి వెళ్లేది మాత్రం రూపాయే.

నాణేనికి ధర అతుక్కుపోవడం మన దగ్గరే పుట్టిన వింత కాదు. అమెరికాలో కోకాకోలా 1886 నుంచి 1959 దాకా, డెబ్భై ఏళ్లకు పైగా, ఐదు సెంట్లకే దొరికింది. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి, చక్కెర ధరలు ఎగసిపడ్డాయి, సీసా ధర కదల్లేదు. వీధుల్లో పెట్టిన అమ్మకపు యంత్రాలు ఐదు సెంట్ల నాణేన్ని మాత్రమే మింగేవి. ఒక్క సెంటు పెంచడం కుదరదు. పెంచితే తర్వాతి నాణెం పది సెంట్లు, అంటే ధర ఒక్కసారిగా రెట్టింపు. 1953లో కంపెనీ పెద్ద రాబర్ట్ వుడ్‌రఫ్ ఏకంగా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌నే ఏడున్నర సెంట్ల నాణెం ముద్రించమని అడిగారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు.

మన కంపెనీలు కొత్త నాణెం అడగలేదు. వాటికి అంతకంటే సులువైన మార్గం ఉంది: గ్రాములు తగ్గించడం. సీసా పరిమాణం మార్చలేని శీతల పానీయానికి లేని ఆ వెసులుబాటు కవరులో పోసే సరుకుకు ఉంది.

కడలూరు నుంచి వచ్చిన పొట్లం

మార్కెటింగ్ చదివినవాళ్లకు నాలుగు మాటలు కంఠతా వచ్చి ఉంటాయి: వస్తువు, ధర, దొరికే చోటు, ప్రచారం. జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1960లో పెట్టిన వర్గీకరణ ఇది. పుస్తకంలో నాలుగూ నాలుగు గదుల్లా కనిపిస్తాయి. చిన్న ప్యాకెట్ కథలో ఒకదాని గోడ ఇంకొకదాని మీద ఆనుకుని ఉంటుంది. ఒకటి లాగితే మిగతావీ కదులుతాయి.

తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ అనే చిన్న వ్యాపారి ఉండేవారు. పెద్ద డబ్బాల్లో దొరికే సరుకును కూలీలు, రిక్షావాళ్లు కొనగలిగే పొట్లాలుగా అమ్మాలన్నది ఆయన ఆలోచన. ఆ కుటుంబం నుంచి వెల్వెట్ షాంపూ ప్యాకెట్ వచ్చింది. ఆయన కొడుకుల్లో ఒకరైన సి.కె. రంగనాథన్ అన్నదమ్ముల నుంచి విడిపోయి 1983లో 15 వేల రూపాయలతో సొంతంగా షాంపూ మొదలుపెట్టారు. తండ్రి పేరును కుదించి దానికి చిక్ అని పేరు పెట్టారు. కెవిన్‌కేర్ సంస్థ మొదలు అదే.

అప్పట్లో పల్లెల్లో తలస్నానమంటే కుంకుడుకాయ, శీకాయ, కాదంటే ఒంటి సబ్బు. షాంపూ అనేది పట్నం వస్తువు, సీసాలో ఉంటుంది. దినకూలీ ఇంట్లో ఆ సీసా ఎందుకు కొనరో రెండు వైపుల నుంచి చూడాలి. మొదటిది, సాయంత్రం చేతికొచ్చిన కూలి డబ్బులోంచి ఒకేసారి అంత మొత్తం తీయడం కష్టం. రెండోది, సీసా ఇంట్లో ఉంటే పిల్లలు పారబోసుకుంటారు, చుట్టాలొస్తే ఖాళీ అవుతుంది. ప్యాకెట్ అయితే తలకు ఒకటి. కొలత దానంతట అదే వచ్చేస్తుంది. ప్యాకెట్ విజయానికి చవకదనం ఎంత కారణమో ఈ కొలత కూడా అంతే కారణం. వ్యాపార విశ్లేషణల్లో ఈ రెండో సంగతికి రావలసినంత చోటు రాలేదు.

రంగనాథన్ చేసిన పనుల్లో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఊళ్లలో జనం ముందు ఒక కుర్రాడిని కూర్చోబెట్టి షాంపూతో తలంటి, ఆ జుట్టును అందరినీ తాకి చూడమనేవారు. షాంపూ ఎరుగని చోట రేడియోలో చెప్పే వంద మాటల కన్నా చేతికి తగిలిన మెత్తదనం బలమైనది. రెండోది ఖాళీ కవర్ల పథకం. ఏ కంపెనీవైనా సరే ఐదు ఖాళీ షాంపూ కవర్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితం. అంటే పోటీ కంపెనీల కస్టమర్లే వచ్చి చిక్ రుచి చూశారు. అలవాటు పడ్డాక నిబంధన మారింది: ఇకపై చిక్ ఖాళీ కవర్లు తెస్తేనే. ఆ పథకంతో అమ్మకాలు నెలకు 35 వేల రూపాయల నుంచి 12 లక్షలకు పెరిగాయని రంగనాథన్ చెబుతారు. మల్లె, గులాబీ వాసనలు, సినీనటి అమలతో ప్రకటనలు ఆ తర్వాతి మెట్లు.

ఈ వరుసను గమనించాలి. ముందు వాడేవాళ్లకు తగ్గ వస్తువు, ఆపైన అనుభవం, తర్వాత అలవాటు. సినిమా తార వచ్చింది చివర్లో. చాలామంది కొత్త వ్యాపారులు ఈ వరుసను తిరగేస్తారు.

సరం వేలాడే చోటు

రూపాయి ప్యాకెట్ కోసం ఎవరూ బస్సెక్కి వెళ్లరు. వీధి చివర కొట్లో కళ్ల ముందు వేలాడుతుంటేనే కొంటారు. షాంపూ ప్యాకెట్లను సరంగా అతికించి తయారు చేయడానికి కారణం ఇదే. అలమరలో చోటు అక్కర్లేదు, మేకుకు తగిలిస్తే చాలు, కొట్టు గుమ్మమే ప్రకటన బోర్డు అవుతుంది. అడిగినప్పుడు ఒకటి చింపి ఇస్తారు.

కొట్టువాడి వైపు నుంచి చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. ఒక్కో ప్యాకెట్ మీద మిగిలేది పైసలే. ఆయన చూసేది సరుకు ఎన్ని రోజుల్లో అమ్ముడై మళ్లీ డబ్బుగా మారుతుందని. వారానికోసారి సేల్స్‌మన్ వచ్చి ఆర్డర్ రాసుకుంటాడు, స్కీమ్ ఉంటే సరానికి ఒకటో రెండో ప్యాకెట్లు అదనంగా ఇస్తాడు. ఎక్కువ లాభమిచ్చి నెలల తరబడి కదలని సరుకు కన్నా, తక్కువ మిగిలినా వారంలో ఖాళీ అయ్యేదే ఆయనకు మేలు. కొత్త కంపెనీ కొట్లోకి రావాలంటే ఈ తిరుగుడు వేగంతోనే పోటీ పడాలి. అందుకే కొత్తవాళ్లు కొట్టువాడికి పెద్ద వాటా, అప్పు మీద సరుకు, అమ్ముడుపోకపోతే వాపసు వంటి ఆశలు చూపిస్తారు.

ప్యాకెట్ మీద ముద్రించే గరిష్ఠ చిల్లర ధర కూడా ఇక్కడ తన పాత్ర పోషిస్తుంది. 1990 నుంచి పన్నులన్నీ కలిపిన ధరే కవరు మీద ఉండాలి. దీంతో ధర కొనేవాడికీ కొట్టువాడికీ మధ్య బేరంగా కాకుండా కంపెనీ నేరుగా కొనేవాడితో చెప్పే మాటగా మారింది. "ఐదు రూపాయలు మాత్రమే" అని కవరు మీద పెద్ద అంకెల్లో ఉంటే, ఆ ధరను ఆరు చేయడం మాట తప్పినట్టే.

పెద్దది కొంటే చవక అనే సాధారణ సూత్రం కూడా షాంపూ దగ్గర తరచూ తలకిందులవుతుంది. చాలా బ్రాండ్లలో మిల్లీలీటరు లెక్కన చూస్తే సీసా కన్నా ప్యాకెట్లే చవక. రూపాయి, రెండు రూపాయల దగ్గర పోటీ అంత తీవ్రం కాబట్టి కంపెనీలు లాభం సీసాల్లో వెతుక్కుంటాయి. దేశంలో షాంపూ అమ్మకాల్లో సింహభాగం ప్యాకెట్లదే. నెల జీతం తీసుకునే ఇళ్లలోనూ సరాలు కొని స్నానాలగదిలో తగిలించడం ఇందుకే.

చవకగా అమ్మడం, చవకగా తయారు చేయడం

ధర తగ్గించడం ఒక నిర్ణయంతో అయిపోయే పని కాదు. దాని వెనక తయారీ పద్ధతే మారాలి. నిర్మా కథ ఇందుకు మంచి ఉదాహరణ. అహ్మదాబాద్‌లో ప్రభుత్వోద్యోగం చేసే కర్సన్‌భాయ్ పటేల్ 1969లో ఇంటి దగ్గరే బట్టలపొడి కలిపి సైకిల్ మీద ఇంటింటికీ అమ్మడం మొదలుపెట్టారు. అప్పట్లో సర్ఫ్ కిలో సుమారు 13 రూపాయలు ఉంటే నిర్మా మూడు రూపాయల చిల్లరకే వచ్చేది. భారీ యంత్రాలు లేవు, సోడా యాష్ ప్రధానంగా చేత్తో కలిపిన పొడి, అట్టపెట్టెకు బదులు ప్లాస్టిక్ కవరు. నాణ్యతలో సర్ఫ్‌తో పోటీకి రాదు, చేతులు మండేవి కూడా. కానీ అప్పటిదాకా పొడి వాడని ఇళ్లకు పోలిక సర్ఫ్‌తో కాదు, బట్టల సబ్బు బిళ్లతో.

నిర్మా ప్రకటనల గురించి వ్యాపార పాఠాల్లో ఒక ఘట్టం తరచూ చెబుతారు. కొట్లవాళ్లు అప్పుగా తీసుకున్న సరుకుకు డబ్బు ఇవ్వకుండా సతాయిస్తుంటే, పటేల్ కొట్లలోని సరుకంతా వెనక్కి తెప్పించి, అప్పుడు టీవీలో ప్రకటన హోరెత్తించారట. జనం కొట్లకు వెళ్లి అడిగితే సరుకు లేదు. కొట్లవాళ్లే డబ్బు పట్టుకుని నిర్మా కోసం వచ్చారు. ఈ కథలో ఎంత మెరుగులు దిద్దారో గానీ, అందులోని కిటుకు మాత్రం నిజమైనది: కొనేవాళ్లు అడిగితే కొట్టువాడు వింటాడు.

సర్ఫ్ తయారుచేసే హిందుస్థాన్ లీవర్ మొదట మాటతో జవాబిచ్చింది. 1980లలో వచ్చిన లలితాజీ ప్రకటనలో కవితా చౌదరి పోషించిన గృహిణి, చవకైనదానికీ మంచిదానికీ తేడా ఉందని, అరకిలో సర్ఫ్ కిలో చవక పొడితో సమానమని వాదించింది. ప్రకటన గొప్పగా పేలింది, సర్ఫ్ పరువు నిలిచింది, కానీ నిర్మా జోరు దానితో ఆగలేదు. ఆగాలంటే నిర్మా ధరలో దొరికే పొడి కావాలి. ఆ దశాబ్దం చివర్లో అదే కంపెనీ తెచ్చిన వీల్ ఆ పని చేసింది. పెద్ద కంపెనీ తన ఫ్యాక్టరీ పద్ధతులను పక్కనపెట్టి చిన్న చిన్న యూనిట్లలో తయారు చేయించి, చేతులు మండవని ప్రచారం చేసుకుంది. పోటీదారుడి ఖర్చుల నిర్మాణాన్నే నేర్చుకోవడం అది. మంచి ప్రకటన అప్పటికే కొనేవాళ్లను నిలబెట్టుకోగలిగింది. లేనివాళ్లను తెచ్చింది మాత్రం కొత్త వస్తువే.

అదే సూత్రం కారు దగ్గర

2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా లక్ష రూపాయల కారు నానోను చూపించినప్పుడు, షాంపూ ప్యాకెట్ సూత్రమే నాలుగు చక్రాల మీదకు వచ్చిందని చాలామంది అనుకున్నారు. వానలో స్కూటర్ మీద వెళ్తున్న నలుగురి కుటుంబం ఆ ఆలోచనకు ప్రేరణ అని ఆయన చెప్పారు. 2009లో బుకింగులు రెండు లక్షలు దాటాయి. గుజరాత్‌లోని సానంద్ ఫ్యాక్టరీని ఏటా రెండున్నర లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. అన్నింటికంటే మెరుగైన ఏడాది 2011-12లో అమ్ముడైనవి సుమారు 74 వేలు. పదేళ్లు నిండేసరికి తయారీ ఆగిపోయింది.

పశ్చిమ బెంగాల్‌లోని సింగూరు నుంచి ఫ్యాక్టరీ తరలింపు వల్ల జరిగిన ఆలస్యం, కొన్ని కార్లకు మంటలు అంటుకున్న వార్తలు, లక్ష దాటి పెరిగిన ధర, ఇవన్నీ కారణాల్లో ఉన్నాయి. వీటిని తీసేసినా ఒక చిక్కు మిగులుతుంది. షాంపూ ప్యాకెట్ చించేది స్నానాలగదిలో, ఎవరూ చూడరు. కారు వీధిలో నిలబడుతుంది. దాన్ని కొనడమంటే మెట్టు ఎక్కినట్టు చుట్టుపక్కలవాళ్లకు కనపడాలి. "అన్నిటికన్నా చవకైన కారు" అన్న పేరు వస్తే ఆ మెట్టే కూలిపోతుంది. ఆ ముద్ర పడటం పొరపాటని తర్వాత రతన్ టాటా కూడా ఒప్పుకున్నారు.

ఇంకో తేడా కూడా ఉంది. రూపాయి ప్యాకెట్‌కి పోటీ కుంకుడుకాయ. నానోకు పోటీ స్కూటర్ ఒక్కటే కాదు, అదే డబ్బుకు దొరికే సెకండ్‌హ్యాండ్ మారుతి కూడా. పాతదైనా అది "మామూలు కారు". చిన్న మొత్తం అన్న మాటకూ షాంపూ దగ్గర, కారు దగ్గర ఒకే అర్థం రాదు. రూపాయికి ఆలోచించక్కర్లేదు, నచ్చకపోతే రేపు ఇంకోటి. లక్ష రూపాయలు, దాని మీద వాయిదాలు అంటే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకునే విషయం. ధర ఎంత తగ్గించినా ఆ సంభాషణలో "నలుగురూ ఏమనుకుంటారు" అన్న ప్రశ్న వస్తూనే ఉంటుంది.

ప్యాకెట్ బిల్లులో కనిపించని పద్దులు

నాణేనికి కట్టేసిన ధర వల్ల ముడిసరుకు ఖరీదు పెరిగినప్పుడల్లా భారం బరువు మీద పడుతుంది. బిస్కెట్ ప్యాకెట్ చిక్కిపోతుంది, చిప్స్ కవర్లో గాలి ఎక్కువైనట్టు అనిపిస్తుంది. బరువు కవరు మీద ఉంటుంది, కాబట్టి మోసం అనలేం. కానీ ధర పెరిగితే అందరికీ తెలుస్తుంది, బరువు తగ్గితే తెలియదు. ముడిసరుకు చవకైనప్పుడు గ్రాములు తిరిగి అంతే చురుగ్గా పెరుగుతాయా అన్నది అనుమానమే. గ్రాముకు ఎంత పడుతుందో ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద చిన్న అక్షరాల్లో ముద్రిస్తున్నారు. దాన్ని చదవడానికి కొట్టు ముందు ఎవరికి తీరిక?

రెండో పద్దు చెత్త. షాంపూ కవరు చూడటానికి ఒక్క పొరే అయినా లోపల వేర్వేరు పదార్థాల పొరలు అతికించి ఉంటాయి. తేమ, వాసన పోకుండా కాపాడేది అదే, మళ్లీ కరిగించి వాడటానికి అడ్డొచ్చేదీ అదే. పాత ఇనుము, సీసాలు కొనేవాళ్లు కూడా ఈ కవర్లు ఏరరు, ఎందుకంటే కిలో కావాలంటే లెక్కలేనన్ని ఏరాలి. రూపాయి ధరలో ఈ ఖర్చు లేదు. అది మురుగుకాలువలు శుభ్రం చేసే పంచాయతీ పద్దులో ఉంటుంది.

నాణెం మారుతోంది

ఫోన్‌తో చెల్లించేటప్పుడు 4 రూపాయల 45 పైసలు కొట్టడానికి అడ్డేమీ లేదు. ఆ లెక్కన నాణేల ధరలకు కాలం చెల్లాలి. ఇంకా అలా జరగలేదు. కొట్టు ముందు క్యూఆర్ కోడ్ ఉన్నా, ఐదు రూపాయలు అన్న మాటే నోటికి తేలిగ్గా వస్తుంది, పిల్లాడి చేతికి ఇచ్చి పంపేదీ నాణెమే.

మారుతున్నది నాణెం విలువ. అర్ధ రూపాయి షాంపూ ప్యాకెట్ ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. శీతల పానీయాల్లో 2003లో కోకాకోలా 200 మిల్లీలీటర్ల సీసాను ఐదు రూపాయలకు ఇచ్చి పల్లెల్లోకి వెళ్లింది, ఆ ధరను నిలబెట్టుకోలేకపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2023లో, రిలయన్స్ పాత క్యాంపా పేరును మళ్లీ తెచ్చినప్పుడు అంతే పరిమాణానికి ఎంచుకున్న అంకె పది. అప్పటి ఐదు రూపాయల చోటును ఇప్పుడు పది ఆక్రమిస్తోంది.

పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌ల నుంచి ఎవరూ ఒక్క షాంపూ ప్యాకెట్ తెప్పించుకోరు, డెలివరీ ఖర్చు కూడా గిట్టదు. అక్కడ దొరికేవి సీసాలు, లేదంటే సరాలకు సరాలు. ఒక్క ప్యాకెట్ చింపి ఇచ్చేది ఇప్పటికీ వీధి చివర కొట్టే. పన్ను 18 అయినా 5 అయినా అక్కడ అడిగేది రూపాయి ప్యాకెట్టే.